వారమ్ పెర్సీ: ఊరితో పాటు పెరిగి, ఊరితో పాటు తగ్గిన చర్చి

ఇంగ్లండ్‌లోని మధ్యయుగపు పల్లె చర్చీల మాట వస్తే ఎవరికైనా ముందు గుర్తుకొచ్చేవి అందమైనవే. హెర్ఫర్డ్‌షైర్‌లోని కిల్పెక్ చర్చి దక్షిణ ద్వారం చుట్టూ 12వ శతాబ్దపు శిల్పులు చెక్కిన పాములు, యోధులు, లతలు కావచ్చు. సఫోక్‌లో ఉన్నిబట్టల వర్తకుల డబ్బుతో లేచిన లాంగ్ మెల్ఫర్డ్, లావెనమ్ చర్చీల పొడవాటి కిటికీలు కావచ్చు. గ్లాస్టర్‌షైర్‌లోని ఫెయిర్‌ఫర్డ్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న రంగుటద్దాలు కావచ్చు. వాటి గొప్పతనాన్ని నేనేమీ కాదనను. కానీ ఒక పల్లె చర్చి ఎందుకు పుడుతుంది, ఎవరి అవసరం కోసం పెరుగుతుంది, ఎందుకు చిన్నదవుతుంది అన్న ప్రశ్నలకు వాటన్నిటికంటే స్పష్టమైన జవాబు నాకు దొరికింది ఉత్తర యార్క్‌షైర్‌లో, కప్పు లేకుండా, సగం గోపురంతో నిలబడి ఉన్న ఒక సాదాసీదా శిథిలంలో. అది వారమ్ పెర్సీలోని పునీత మార్టిన్ చర్చి.

యార్క్‌షైర్ వోల్డ్స్ అనే సుద్దరాతి కొండల మధ్య సన్నని లోయలో ఈ చర్చి ఉంది. పక్కనే ఒక చెరువు, కాస్త ఎడంగా 19వ శతాబ్దపు పొలం ఇళ్లు తప్ప దగ్గరలో ఇంకేమీ కనిపించదు. ఒకప్పటి ఊరు పైన పీఠభూమి మీద ఉండేది. ఇప్పుడక్కడ గడ్డి కప్పిన గట్లు, పల్లాలు మాత్రమే మిగిలాయి. సాయంత్రపు ఏటవాలు ఎండలో ఆ గట్లే ఇళ్ల గోడలనీ, పల్లాలే వీధులనీ తేలిగ్గా పోల్చుకోవచ్చు. ఇంగ్లండ్‌లో ఇలా జనం ఖాళీ చేసి వెళ్లిపోయిన మధ్యయుగపు ఊళ్లు వేలల్లో ఉన్నా, ఇంత శ్రద్ధగా పరిశోధించిన ఊరు మరొకటి లేదనే చెప్పాలి. చరిత్రకారుడు మారిస్ బెరెస్‌ఫర్డ్ 1950లో ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. కొద్దికాలానికే పురావస్తు శాస్త్రవేత్త జాన్ హర్స్ట్ ఆయనతో కలిశాడు. అప్పటి నుంచి 1990 దాకా, ఏటేటా వేసవిలో, స్వచ్ఛందంగా వచ్చిన వందలాది మందితో ఆ పని నడిచింది. సన్నని కందకాలు తవ్వి గోడల వెంట పోవడం కాకుండా, విశాలమైన నేలను ఒక్కసారే తెరిచి పొర వెంట పొరగా పరిశీలించే పద్ధతి ఇంగ్లండ్‌లో వేళ్లూనుకోవడంలో ఈ ఊరి పాత్ర పెద్దది.

చర్చిని కూడా అలాగే తవ్వగలిగారు. మామూలుగా పల్లె చర్చి నేలను తవ్వడం కుదరని పని, ఎందుకంటే అందులో ప్రార్థనలు సాగుతూ ఉంటాయి, బల్లలు ఉంటాయి, జనం వస్తూ పోతూ ఉంటారు. వారమ్ పెర్సీలో చివరి ఆరాధన 1949లో జరిగింది; ఆ తర్వాత భవనం పాడుపడింది. ఆ దురదృష్టమే 1960లు, 70లలో పరిశోధకులకు లోపలి నేలంతా తెరిచి చూసే వీలు కల్పించింది. గోడల కింద గోడలు, వాటి కింద ఇంకా పాత పునాదులు బయటపడ్డాయి.

అన్నిటికంటే అడుగున కనిపించినవి గుంజలు పాతిన గుంటలు. అంటే మొదట ఇక్కడ నిలిచింది సుమారు 10వ శతాబ్దపు చిన్న చెక్క కట్టడం. దాని స్థానంలో 11వ శతాబ్దంలో రాతి చర్చి వచ్చింది. అది కూడా చిన్నదే. ఆ కాలానికి చెందిన, తలవైపూ కాళ్లవైపూ నిలువురాళ్లున్న సమాధి పలకలు కూడా దొరికాయి. అలాంటి పలకలు రైతుల స్తోమతకు మించినవి కాబట్టి అవి ఊరి ప్రభువు కుటుంబానివే అయి ఉంటాయని భావిస్తున్నారు. ఈ చిన్న వివరాన్ని నేను చాలా ముఖ్యమైనదిగా చూస్తాను. పల్లె చర్చి మొదటి నుంచీ ఊరందరిదీ అని మనం అనుకుంటాం. నిజానికి 10, 11వ శతాబ్దాల్లో ఇంగ్లండ్ అంతటా వెలసిన చిన్న చర్చీల్లో అనేకం భూస్వామి తన ఇంటి పక్కన, తన ఖర్చుతో, తన కుటుంబం కోసం కట్టించుకున్నవే. ఆ చర్చికి చుట్టుపక్కల పొలాల నుంచి పంటలో దశమభాగం చెల్లించాలన్న నియమం గట్టిపడి, ఏ పొలం ఏ చర్చికి చెల్లించాలో తేలిన కొద్దీ సరిహద్దులు ఏర్పడి, 12వ శతాబ్దానికి విచారణల, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతాల, వ్యవస్థ ఒక రూపానికి వచ్చింది. అంటే విచారణ అనేది భక్తులు గీసుకున్న గీత కాదు. పంట కళ్లాల లెక్క గీసిన గీత.

వారమ్ పెర్సీ విచారణ ఆ ఒక్క ఊరితో ఆగలేదు. థిక్సెన్‌డేల్, రేస్తోర్ప్, బర్డేల్, టౌథోర్ప్ అనే మరో నాలుగు ఊళ్లు దాని కిందికి వచ్చేవి. ఈ ఐదు ఊళ్ల జనం పండుగలకు, బాప్తిస్మాలకు, అన్నిటికంటే ముఖ్యంగా ఖననాలకు ఈ లోయకే రావాల్సి ఉండేది. ఖననం చేసే హక్కునూ, దానితో వచ్చే రుసుమునూ తల్లి చర్చి సులభంగా వదులుకునేది కాదు. 1215లో రోమ్‌లో జరిగిన కతోలిక చర్చి నాలుగో లాటరన్ మహాసభ ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒక్కసారైనా తన విచారణ గురువు దగ్గర పాపసంకీర్తనం చేసి, అంటే చేసిన పాపాలు ఒప్పుకుని, ఈస్టర్‌కు సత్ప్రసాదం స్వీకరించాలని ఆదేశించిన తర్వాత ఆ ముడి ఇంకా బిగిసింది. ఈ ఐదు ఊళ్ల సంగతి గుర్తుపెట్టుకుంటే తప్ప ఈ భవనం ఇంతకాలం ఎందుకు నిలిచిందో అర్థం కాదు.

12వ శతాబ్దంలో పాత రాతి గుడిని మించిన పెద్ద చర్చి కట్టారు. జనం నిలబడే పొడవాటి భాగం నేవ్. దానికి తూర్పున గురువు బలిపూజ జరిపే చాన్సెల్. ఆ చాన్సెల్ కొస అర్ధచంద్రాకారంగా ముగిసేది. నార్మన్ల కాలపు చర్చీల్లో తరచుగా కనిపించే రూపమే ఇది. ఆ శతాబ్దం చివర్లో నేవ్‌కు దక్షిణాన ఒక పక్క వసారా చేర్చారు. 13వ శతాబ్దం తొలినాళ్లలో ఉత్తరాన ఇంకొకటి వచ్చింది. తర్వాత ఈశాన్య మూలలో ఒక చిన్న ప్రార్థనాలయం కూడా కట్టారు. ఆ రోజుల్లో ఊరు నిండుగా ఉండేది. విచారణలో జనం పెరుగుతూ ఉండేవారు.

ఉన్న చర్చికి పక్క వసారా చేర్చడమంటే ఎంత పనో ఒకసారి ఊహించుకోవాలి. కప్పు దించకుండా, ఆరాధన ఆపకుండా, నిలబడి ఉన్న గోడకు కింద కన్నాలు పెట్టాలి. కొత్త వసారా బయటి గోడ ముందు లేస్తుంది. ఆ తర్వాత పాత నేవ్ గోడను దూలాలతో ఎత్తిపట్టి, కొంత మేర తొలిచి, అక్కడ స్తంభం నిలబెట్టి, రెండు స్తంభాల మధ్య కమాను తిప్పి, సున్నం బిగిసిన తర్వాత పక్క భాగానికి పోతారు. కమానుల పైనున్న గోడ చాలాచోట్ల పాతదే మిగిలిపోతుంది. అందుకే ఇంగ్లండ్ పల్లె చర్చీల్లో తలెత్తి చూస్తే, 13వ శతాబ్దపు నాజూకు స్తంభాల పైన 11వ శతాబ్దపు మొరటు రాళ్ల గోడ కనిపించడం అరుదేమీ కాదు. కింది నుంచి పైకి పోతే పాతకాలానికి చేరుకుంటాం. నేను ఏ పల్లె చర్చికి వెళ్లినా ముందుగా చూసేది ఆ కమానుల పైభాగమే, ఎందుకంటే పునాది తర్వాత భవనం వయసు దాచుకునే చోటు అదే.

నేవ్‌కూ చాన్సెల్‌కూ మధ్య గీత కేవలం పూజా సంప్రదాయానికి సంబంధించినది కాదు. ఖర్చుకు సంబంధించినది కూడా. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో నేవ్ మరమ్మతు విచారణ జనం బాధ్యత. చాన్సెల్ మరమ్మతు దశమభాగం అందుకునే రెక్టర్ బాధ్యత. వారమ్ పెర్సీ చర్చి 14వ శతాబ్దంలో హాల్టెంప్రైస్ మఠం చేతికి వెళ్లింది. ఆదాయంలో పెద్ద వాటా మఠానికి చేరింది, ఊళ్లో పూజలు నడపడానికి తక్కువ జీతం మీద వికార్ అనే గురువు మిగిలాడు, చాన్సెల్ బాధ్యత దూరాన ఉన్న మఠం మీద పడింది. హెన్రీ 8 మఠాలను రద్దు చేసినప్పుడు, 1536లో, హాల్టెంప్రైస్ కూడా పోయింది. ఇలాంటి మఠాల దశమభాగపు హక్కులు ఇంగ్లండ్ అంతటా రాజుకు, ఆయన నుంచి కొన్న మామూలు భూస్వాములకు చేరాయి, వాటితో పాటు చాన్సెల్ మరమ్మతు భారమూ చేరింది. ఆ పాత బాధ్యత ఎంత మొండిదంటే, వార్విక్‌షైర్‌లోని ఆస్టన్ కాంట్లో చర్చి విషయంలో 2003లో కూడా అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ భూమి యజమానులదే ఆ భారమని తేల్చింది. మధ్యయుగపు గోడల వెనక ఇంకా ప్రాణమున్న చట్టం ఉంటుందని తెలిసినప్పుడు, రాళ్లను చూసే చూపే మారిపోతుంది.

ఆ గోడల మధ్యకు ఎలాంటి మనుషులు వచ్చేవారో కూడా మనకు ఇక్కడ తెలుస్తుంది. తవ్వకాల్లో 687 మంది అస్థిపంజరాలు బయటపడ్డాయి. ప్రభువులూ మఠాధిపతులూ కాక, మామూలు పల్లెజనం ఇంత పెద్ద సంఖ్యలో పరిశోధనకు అందడం అరుదు. ఎముకల్లోని నత్రజని రూపాలను పరీక్షించి, ఇక్కడి తల్లులు బిడ్డలకు సుమారు 18 నెలల దాకా పాలిచ్చేవారని తేల్చారు. పిల్లల ఎముకల పొడవును బట్టి చూస్తే, ఇక్కడి 14 ఏళ్ల పిల్లలు నేటి 10 ఏళ్ల పిల్లలంత ఎత్తే ఉండేవారట. 11వ శతాబ్దం నాటి ఒక మధ్యవయసు రైతు తలకు బలమైన దెబ్బ తగిలింది. పుర్రెలో విరిగిన ముక్కలను ఎవరో నేర్పుగా తొలగించారు. ఆ గాయం చక్కగా మానినట్టు ఎముక చెబుతోంది. వైద్యశాల లేని కొండ పల్లెలో ఆ శస్త్రచికిత్స చేసిన చేతులు ఎవరివో కానీ, చర్చి గోడ పక్కన దొరికిన ఈ ఒక్క పుర్రె మధ్యయుగం గురించి మనకున్న తేలిక అభిప్రాయాలను చాలావరకు కొట్టిపారేస్తుంది.

చర్చి ప్రాంగణంలో చోటు దక్కనివాళ్లు కూడా ఉన్నారు. ఊరి ఇళ్ల మధ్య ఒక గుంటలో 137 ఎముకలు దొరికాయి. అవి కనీసం పది మందివి, 11 నుంచి 14వ శతాబ్దాల మధ్య కాలానివి. వాటి మీద కత్తిగాట్లు, కాలిన గుర్తులు ఉన్నాయి. 2017లో ప్రచురించిన పరిశోధన, చనిపోయినవారు లేచి తిరుగుతారన్న భయంతో జనం ఆ శవాలను నరికి కాల్చి ఉంటారన్న వివరణ వైపు మొగ్గింది. గంట మోగే చర్చికి కూతవేటు దూరంలోనే ఆ భయం బతికి ఉండేదన్నమాట. విచారణ గురువు బోధకూ జనం మనసుకూ మధ్య ఎంత దూరం ఉండేదో కొలవడానికి నాకు ఇంతకంటే మంచి ఆధారం కనిపించలేదు.

ఇక తగ్గుదల. 1349లో ప్లేగు మహమ్మారి యార్క్‌షైర్‌ను చుట్టేసింది. ఊరు ఆ దెబ్బతో వెంటనే ఖాళీ అయిపోలేదు. ఈ అపోహ చాలామందిలో ఉంది. దాదాపు 20 ఏళ్ల తర్వాత కూడా 30 దాకా ఇళ్లలో జనం ఉన్నారు. 1458 నాటి లెక్కలకు అవి 16కు దిగాయి. పొలాలకు మనుషులు చాలని రోజులు, ఉన్నికి మంచి ధర ఉన్న రోజులు కావడంతో భూస్వాములు దున్నే నేలను గొర్రెల మేతకు మార్చడం మొదలుపెట్టారు. ఇక్కడి ప్రభువైన బ్యారన్ హిల్టన్ నాలుగు ఇళ్లు కూల్పించాడని 1517లో రాజు జరిపించిన దర్యాప్తులో నమోదైంది. ప్లేగు ఊరిని బలహీనపరిచింది. ఊరిని ముగించింది మాత్రం మనుషుల నిర్ణయమే. ఈ తేడాను చెరిపేసి మహమ్మారి మీదకే అంతా నెట్టేయడం, ఇల్లు పోగొట్టుకున్న ఆ కుటుంబాలకు అన్యాయం చేయడమే అవుతుంది.

చర్చి ఈ కథనంతా తన గోడల్లోనే రాసుకుంది. 15వ శతాబ్దం చివరి నుంచి 16వ శతాబ్దం దాకా రెండు పక్క వసారాలనూ వేర్వేరు దశల్లో కూల్చేశారు. కూల్చిన తర్వాత నేవ్ పక్కలు ఖాళీ కమానులతో తెరిచి ఉంటాయి కదా. ఆ కమానులను రాళ్లతో పూడ్చి మళ్లీ గోడ చేశారు. దక్షిణం వైపు నిలబడి ఆ గోడను దగ్గర నుంచి చూడాలి. కమాను వంపు రాళ్లు జాగ్రత్తగా చెక్కినవి. ఒక్కొక్కటి పక్కదానికి ఒరుసుకుని, పైకి ఇరుకై, వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు లోపల నింపిన రాళ్లు పరిమాణంలో దేనికదే. వరసలు అటూ ఇటూ అయి, పక్కనున్న పాత రాతితో అల్లుకోకుండా నిలువు గీత దగ్గర ఆగిపోతాయి. సగం గోడలో మునిగిన స్తంభం, ఒకప్పుడు తన చుట్టూ నడిచిన జనానికి ఇచ్చిన దారిని మూసుకుని, బయటికి కొంచెం మాత్రమే ఉబ్బి కనిపిస్తుంది. ఆ పూడిక మధ్యలో వెలుతురు కోసం కిటికీలు పెట్టారు. 12వ శతాబ్దం చివర్లో తొలిచిన గోడను సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత తిరిగి మూసినట్టు ఇంత సూటిగా చూపే చోటు మరెక్కడా నాకు ఎదురుపడలేదు.

చాలా వర్ణనల్లో ఈ మూసివేతను ఒక్క వాక్యంలో దాటేస్తారు. కట్టడమే నిర్మాణకళ, కూల్చడం కాదు అన్న అలవాటు దానికి కారణం. నేను ఒప్పుకోను. ఇక్కడ ఎవరో కూర్చుని లెక్క వేశారు: ఇంత కప్పుకు ఇంత సీసపు రేకు, ఇన్ని దూలాలు, ఇంత సున్నం, దీనికి చెల్లించడానికి మిగిలిన కుటుంబాలు ఎన్ని. పాడుపడేదాకా వదిలేయకుండా, నిలబెట్టుకోగలిగినంతే ఉంచుకుని, మిగిలినది తమ చేతులతో దించి, దాని రాయితోనే గోడ మూశారు. విస్తరణకు ఎంత ఆలోచన కావాలో దీనికీ అంతే కావాలి. 17వ శతాబ్దంలో చాన్సెల్‌ను కూడా కురచ చేశారు. చాన్సెల్ మరమ్మతు దశమభాగం తినేవారి భారమని పైన చెప్పిన సంగతి ఇక్కడ గుర్తుకు తెచ్చుకుంటే, పొడవాటి తూర్పు కొస మీద ఎవరికీ పెద్దగా మక్కువ మిగల్లేదని నాకనిపిస్తుంది.

ఈ లోపల ఇంగ్లండ్‌ను ప్రొటెస్టెంట్ దేశంగా మార్చిన 16వ శతాబ్దపు మతసంస్కరణ కూడా వచ్చి వెళ్లింది. ఇంగ్లండ్ చర్చీల్లో గోడల మీది బొమ్మలకు సున్నం పూశారు, నేవ్‌కూ చాన్సెల్‌కూ మధ్య సిలువను మోసే తెరల పైభాగాలు తీయించారు, రాతి బలిపీఠాల స్థానంలో బల్లలు పెట్టించారు. వారమ్ పెర్సీకి మాత్రం అంతకంటే పెద్ద విషాదం అప్పటికే జరిగిపోయింది: పక్కన ఊరే లేదు.

అయినా చర్చి తలుపులు మూతపడలేదు. కారణం ఆ ఐదు ఊళ్లే. వారమ్ పెర్సీ, రేస్తోర్ప్, బర్డేల్, టౌథోర్ప్ ఒక్కొక్కటీ పొలం ఇళ్ల స్థాయికి కుంచించుకుపోయినా, థిక్సెన్‌డేల్ నిలిచింది. అక్కడి జనం కొండలు దాటి ఈ లోయకు నడిచి వచ్చి ప్రార్థించారు, తమ చనిపోయినవారిని ఇక్కడికే మోసుకొచ్చారు. చుట్టూ గొర్రెలు మేస్తున్న బయలులో, ఊరు లేని చర్చి ఇంకో మూడున్నర శతాబ్దాలు విచారణ చర్చిగానే కొనసాగింది. ప్రభువు తన ఇంటివారి కోసం కట్టించిన గుడి, ఆ ప్రభువుల వంశాలన్నీ మారిపోయాక, ఎక్కడో ఉన్న రైతుల వల్ల బతికింది.

చివరికి దాన్ని ఒంటరిని చేసింది కూడా ఇంకో చర్చే. 1870లో ఆ ప్రాంతపు భూస్వామి సర్ టాటన్ సైక్స్ థిక్సెన్‌డేల్‌లోనే వాస్తుశిల్పి జార్జ్ ఎడ్మండ్ స్ట్రీట్ చేత కొత్త చర్చి కట్టించాడు. ఆ ఊరివారికి అది గొప్ప వరం. చలికాలంలో కొండ దాటి నడిచినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. వారమ్ పెర్సీకి మాత్రం రావలసిన జనంలో అత్యధికులు అక్కడితో దూరమయ్యారు. 1949 తర్వాత కప్పు పోయింది, వాన లోపలికి దిగింది, 1959 డిసెంబరులో గోపురంలో ఒక భాగం కూలింది. మిగిలిన భాగాన్ని ఉన్నదున్నట్టు పటిష్ఠం చేసి, ఇప్పుడు ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చూసుకుంటోంది. పోయిన సగాన్ని కొత్త రాయితో తిరిగి కట్టకపోవడమే మంచిదైందని నేను గట్టిగా నమ్ముతాను. కూలిన చోట గోపురపు గోడ మందం, లోపలి రాళ్ల అమరిక తెరిచి చూపినట్టు కనిపిస్తాయి. చూడదలచినవారు బండి నిలిపిన చోటు నుంచి కిలోమీటరుకు పైగా బురద దారిలో నడవాలి కాబట్టి గట్టి బూట్లు వేసుకోవాలి. ముందు లోపలికి పోకుండా బయట చుట్టూ తిరిగి కమానులను లెక్కపెట్టి, ఆ తర్వాతే నేవ్‌లోకి అడుగుపెట్టి అవే కమానులను లోపలి వైపు నుంచి పోల్చుకుంటే, ఏ గోడ ఏ కాలానిదో ఎవరి సాయమూ లేకుండా తేల్చుకోవచ్చు.